జీతం మీద పేరు రాయలేం

మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి గదికి రెండు ఫ్యాన్లుండేవి. రెక్కల మీద తెల్ల పెయింటుతో దాత పేరు, కింద ‘తండ్రిగారి జ్ఞాపకార్థం’ అని, ఆ కింద ఊరు, సంవత్సరం. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనపడదు. కరెంటు పోయినప్పుడే, చెమటలు కక్కుతూ తల పైకెత్తినప్పుడే, ఆ మహానుభావుడెవరో చదవగలం. మా రోజుల్లో కరెంటు కోతల పుణ్యమా అని ఆయన పేరు క్లాసంతటికీ కంఠతా వచ్చింది. లెక్కల మాస్టారి పేరు మాత్రం రాలేదు. ఆ ఏడాది లెక్కలకి మాస్టారే లేరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, రెండు నెలల క్రితం డాలస్ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. ఆయనా, స్నేహితులూ కలిపి పదిహేను మంది ఆఫ్రికాలో ఒక పల్లెను దత్తత తీసుకుందామనుకుంటున్నారట. చదువు, వైద్యం, ఉపాధి, మూడూ చూస్తారట. ఇరవై అయిదు వేల డాలర్లు అప్పటికే పోగయ్యాయి.

“నువ్వు కెన్యాలో ఉండొచ్చావు కదా, ఏ ఊరైతే బాగుంటుందో చెప్పవయ్యా.”

“ఊరి సంగతి తర్వాత బావగారూ, ముందు ఆ దత్తత అన్న మాట తీసెయ్యండి. తల్లీదండ్రీ ఉన్నవాళ్ళని దత్తత తీసుకోవడమేమిటి?” అన్నాను.

నవ్వేసి తన ప్లాను చెప్పారు. బడికి రెండు గదులు, దవాఖానాకి ఒక గది, ఆడవాళ్ళకి ఇరవై కుట్టు మిషన్లు, ఊరి మొదట్లో ఒక బోర్డు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. కోపమొస్తే నాకు మాటలు తప్పుగా వస్తాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

2014 నుంచి మూడేళ్ళు నేను కిసుములో ఒక గుజరాతీ సేఠ్‌గారి హార్డ్‌వేర్ హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాశాను. విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంటుంది కిసుము. ఆ సరస్సులో పట్టే ఓమెనా అనే చిన్న చేపల్ని ఎండబెట్టి అమ్ముతారు. అచ్చం మన ఎండు నెత్తళ్ళే. మొదటి వారం ఆ వాసన తగిలినప్పుడు చీరాల సంతలో ఉన్నట్టే అనిపించింది. కిసుముకి పక్కనే సియాయా, దానికి ఉత్తరాన బుసియా. ఆఫ్రికా పల్లెకి ఎలా సాయం చెయ్యాలి అన్న వాదనలో ప్రపంచం చేసిన ప్రయోగాల్లో పెద్ద వాటా ఈ రెండు జిల్లాల్లోనే జరిగింది. వాళ్ళ భాషలో కౌంటీలు. జిల్లా అంటే మనకి తేలిగ్గా అర్థమవుతుంది.

బావగారి ప్లానుకి తాతలాంటిది సియాయాలోనే ఉంది. కిసుము నుంచి బుసియా రోడ్డు మీద పోతే సౌరీ అనే పల్లె వస్తుంది. 2004లో అమెరికా ఆర్థికవేత్త జెఫ్రీ శాక్స్ మిలీనియం విలేజెస్ అనే పథకం మొదలుపెట్టింది ఇక్కడే. తర్వాత అది పది దేశాలకి, సుమారు 5 లక్షల మందికి పాకింది. ఆలోచన వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పేదరికం ఒక్క ముడి విప్పితే పోయేది కాదు కాబట్టి ఎరువులు, విత్తనాలు, దోమతెరలు, ఆసుపత్రి, బడిలో మధ్యాహ్న భోజనం అన్నీ ఒకేసారి ఇవ్వాలి. మనిషికి ఏడాదికి 120 డాలర్ల దాకా ఖర్చు, అందులో దాతల వంతు దాదాపు సగం. సౌరీలో మొక్కజొన్న దిగుబడి హెక్టారుకి రెండు టన్నుల లోపు నుంచి చూస్తుండగానే అయిదు టన్నులకి పోయింది. పండిన దాంట్లో కొంత భాగం రైతులు బడి భోజనానికి ఇచ్చారు. దీన్ని నేనేమీ తక్కువ చెయ్యను.

గొడవ ఎక్కడొచ్చిందంటే, పక్క ఊరు ఎలా ఉందో మొదట్లో ఎవరూ సరిగ్గా కొలవలేదు. ఆ ఏళ్ళలో కెన్యా అంతటా దోమతెరలు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, 2003 నుంచి ప్రాథమిక విద్యకి ఫీజులు తీసేశారు. పథకం లేని ఊళ్ళూ ఎదిగాయి. ఇది తేల్చి చెప్పినవాళ్ళు మైకేల్ క్లెమెన్స్, గాబ్రియేల్ డెమోంబైన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పథకం వాళ్ళు తమ ఊళ్ళలో పిల్లల మరణాలు దేశంలోని పల్లెల సగటు కన్నా మూడు రెట్ల వేగంతో తగ్గాయని రాస్తే, ఆ లెక్కలో తప్పుందని చూపించిందీ వీళ్ళే. ఆ మాటని తర్వాత వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. 2018లో వచ్చిన చివరి లెక్కలో 40 అంశాలకి 30 మెరుగ్గా ఉన్నాయని తేలింది, ముఖ్యంగా పంటలో, ఆరోగ్యంలో. ఇంటి ఖర్చుని బట్టి కొలిచే పేదరికంలో మాత్రం తేడా స్పష్టంగా కనపడలేదు.

అంటే పదేళ్ళు, కోట్ల డాలర్లు, పేరున్న ప్రొఫెసర్లు, ఇన్నీ ఉండి కూడా ‘మేం చేసిందేమిటి’ అన్నది చెప్పడానికి అంత కష్టమైంది. మూడూ మేమే చూస్తాం అంటున్న పదిహేను మంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకి ఇది కనీసం ఒక రాత్రి నిద్ర పట్టనివ్వకూడదు.

సరే, నా కళ్ళతో చూసిన సంగతికొస్తాను.

మా కొట్లో ఎక్కువ అమ్ముడుపోయే సరుకు రేకులు. అక్కడ మబాతి అంటారు. 32 గేజి పల్చన, 30 గేజి కాస్త మందం. కొనేవాళ్ళు రేకుని వేలి కణుపుతో కొట్టి చప్పుడు విని గేజి చెప్పేవాళ్ళు, మనవాళ్ళు కొబ్బరికాయ కొట్టి చూసినట్టు. మామూలుగా అయితే ఒక మనిషి ఒకసారి నాలుగు రేకులు కొంటాడు. మళ్ళీ పంట చేతికొచ్చాక ఇంకో నాలుగు. ఇల్లు పూర్తయ్యేసరికి మొదటి రేకులకి తుప్పు పడుతుంది. నేను చేరిన ఏడాదిలో సియాయా వైపు నుంచి చిల్లర వ్యాపారుల ఆర్డర్లు ఉన్నట్టుండి పెరిగాయి. ముప్ఫై రేకులు, మేకులు, దూలాలకి తీగ, మొత్తం ఒకేసారి. డబ్బంతా ఎం-పెసాలో, అంటే ఫోన్‌తోనే డబ్బు పంపుకునే పద్ధతిలో, వచ్చి పడేది. సేఠ్‌గారు మొదట అనుమానపడ్డారు, తర్వాత ఇంకో లారీ కొన్నారు.

కారణం తర్వాత తెలిసింది. గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ సియాయాలో పేద కుటుంబాలకి నేరుగా డబ్బు పంపుతోంది. కుటుంబానికి సుమారు వెయ్యి డాలర్లు, మూడు విడతల్లో, ఫోన్‌కే. దేనికి ఖర్చుపెట్టాలో చెప్పరు, తిరిగి ఇవ్వమనరు. ఆ ఇళ్ళకి అది ఏడాది ఖర్చులో ముప్పావు వంతు. పేదవాళ్ళని ఎలా గుర్తుపట్టారంటే గడ్డికప్పుతో. ఇంటి మీద గడ్డి ఉంటే ఇచ్చేవాళ్ళు, రేకులుంటే లేదు. ఈ కొలబద్ద నాకు నచ్చలేదు. అప్పు చేసి మరీ రేకులేసుకున్నవాడు ఆ కొలతలో డబ్బున్నవాడైపోతాడు. అయినా డబ్బు వచ్చినవాళ్ళు చేసిన మొదటి పని చూడండి, చాలామంది ఆ గడ్డే పీకేశారు. బయటినుంచి చూసేవాళ్ళకి ఇది దర్జా కోసమనిపిస్తుంది. గడ్డికప్పు కొన్నేళ్ళకోసారి మార్చాలి, ప్రతిసారీ ఖర్చు. వానాకాలం రాత్రిళ్ళు గిన్నెలు జరుపుకుంటూ కూర్చోవాలి. రేకుల మీద పడ్డ వాన నీళ్ళని డ్రమ్ములోకి మళ్ళిస్తే ఆడవాళ్ళకి బిందె మోత తగ్గుతుంది. ఇల్లు, నీళ్ళు, ఆడమనిషి సమయం, మూడు సమస్యలు ఒక్క రేకుతో తీరతాయని ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ నేను చదవలేదు. రేకులు కొన్నవాళ్ళకి తెలుసు.

తాగేస్తారు అంటారు కదా, అదీ కొలిచారు. అదే జిల్లాలో రరియేడా ప్రాంతంలో అంతకుముందు చేసిన అధ్యయనంలో సారా, పొగాకు మీద ఖర్చు పెరగలేదు. సియాయాలో పెద్ద అధ్యయనం 653 ఊళ్ళలో జరిగింది. డబ్బు రాని ఇళ్ళ ఖర్చు కూడా పెరిగింది. మేస్త్రీకి పనొచ్చింది, కొట్టువాడికి బేరమొచ్చింది, మా సేఠ్‌గారికి లారీ వచ్చింది. ఇచ్చిన ప్రతి డాలరూ ఆ ప్రాంతంలో చేతులు మారుతూ సుమారు రెండున్నర డాలర్ల పని చేసిందని తేల్చారు. ధరలు పెరిగింది నామమాత్రం.

అందరూ ఎగబడి తీసుకున్నారనుకోకండి. 2015లో గివ్‌డైరెక్ట్లీ వాళ్ళు సరస్సు అవతలి హోమా బే జిల్లాకి వెళ్తే అక్కడ దాదాపు సగం కుటుంబాలు మాకొద్దన్నాయి. ఊరికే డబ్బిస్తున్నారంటే అది దయ్యాల సొమ్మని, వెనక ఏదో రక్తబలి ఉందని పుకార్లు. ఈ కథ విని నవ్వినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి వెయ్యి డాలర్లు ఇస్తానంటే మా అమ్మ కూడా తలుపేసుకుంటుంది. దయ్యం అనదు, ‘ఆధార్ అడుగుతాడేమో చూడు’ అంటుంది.

డబ్బు పంపడంలో మోసాలు లేవా అంటే ఉన్నాయి. ఇదే సంస్థకి 2022లో కాంగోలో సొంత సిబ్బందే సుమారు 9 లక్షల డాలర్లు కాజేశారు. సంస్థే ఆ సంగతి బయటపెట్టింది. గోడలు కట్టే పనుల్లో పోయిన సిమెంటు లెక్క ఇంత వివరంగా ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అని మాత్రం అడుగుతాను. హార్డ్‌వేర్ కొట్లో మూడేళ్ళు చేశాను, ఆ లెక్కలెలా రాస్తారో నాకు తెలుసు.

ఇంతవరకూ చదివి, ‘అయితే డబ్బు పంచేస్తే సరి’ అంటే నేనొప్పుకోను. ఈ సియాయా డబ్బు మీదే 2025లో ఇంకో లెక్క వచ్చింది. డబ్బు అందిన ఇళ్ళలో ఏడాది లోపు పిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. నెలలు నిండిన ఆడవాళ్ళు పొలం పని తగ్గించుకోగలిగారు, కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళగలిగారు. కానీ ఆ తగ్గుదల డాక్టరున్న ఆసుపత్రి దగ్గర్లో ఉన్న చోటే ఎక్కువ. ఆటోకి డబ్బులున్నాయి, ఆటో దిగాక తలుపు తీసేవాళ్ళు కూడా ఉండాలి కదా. డాక్టర్ని ఏ ఇల్లూ వెయ్యి డాలర్లు పెట్టి కొనుక్కోలేదు.

నా వాదన ఇంతే. ఇంటికి కావాల్సింది ఇంటివాళ్ళకి వదిలెయ్యండి, డబ్బు ఇచ్చి. ఏ ఒక్క ఇల్లూ కొనుక్కోలేనివి కొన్నుంటాయి, టీచరు, నర్సు, మందుబిళ్ళ. సంస్థలు తమ ఓపికంతా వాటి మీద పెట్టాలి, ఏళ్ళ తరబడి. ఈ రెండింటి మధ్య ఉన్నవే గోడలు, గేట్లు, కుట్టు మిషన్లు. వాటికే పేరు రాయడానికి చోటుంటుంది, అందుకే డబ్బంతా వాటికే పోతుంది.

బడి గదులు కట్టడం తప్పా అని బావగారు అడిగారు. తప్పని కాదు. బుసియాలో జరిగిన ఒక కథ చెప్తాను. 1990ల్లో ఒక డచ్ స్వచ్ఛంద సంస్థ అక్కడి బళ్ళకి పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. పుస్తకాల్లేక ముగ్గురూ నలుగురూ ఒక పుస్తకం మీద పడి చదివే చోట ఇది మంచి పనే అని ఎవరైనా అంటారు. మైకేల్ క్రేమర్ అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్ళు కొలిచి చూస్తే సగటు మార్కులు కదల్లేదు. అప్పటికే బాగా చదివే పిల్లలకి మాత్రం లాభం కలిగింది. ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, అక్కడి పిల్లలకి ఇంగ్లీషు మూడో భాష. ఇంట్లో ఒకటి, బజార్లో స్వాహిలీ, బళ్ళో ఇంగ్లీషు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్లో ఇంగ్లీషు ఫిజిక్స్ పుస్తకం తెరిచినవాళ్ళకి దీనికి వేరే వివరణ అక్కర్లేదు. ఆ పుస్తకాన్ని నేను తలకింద పెట్టుకుని పడుకోవడానికి వాడాను.

అదే బుసియాలో అదే క్రేమర్, ఎడ్వర్డ్ మిగెల్‌తో కలిసి 75 బళ్ళలో నులిపురుగుల మాత్రల పథకాన్ని కొలిచారు. పిల్లాడికి ఏడాదికి అర డాలరు కూడా పడని బిళ్ళ. బడి ఎగ్గొట్టడం పావు వంతు తగ్గింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకుంటే, పది శాతానికి పైగా ఎక్కువ సంపాదిస్తున్నారు. ఈ లెక్కల మీద 2015లో పండితుల మధ్య పెద్ద యుద్ధమే జరిగింది, ఇంకా పూర్తిగా చల్లారలేదు. అంత చవకైన బిళ్ళ గురించి అంత యుద్ధం అవసరమా అని నాకనిపిస్తుంది గానీ, నేను పండితుణ్ణి కాదు. ఈ ప్రయోగం ఊతంతోనే 2009లో మన ఆంధ్రప్రదేశ్‌లో బళ్ళలో ఈ బిళ్ళలు మొదలయ్యాయి, 2015లో కొన్ని రాష్ట్రాల్లో, 2016 నుంచి దేశమంతా ఫిబ్రవరి 10న ఇస్తున్నారు. మా మేనకోడలు బళ్ళో నమిలిన ఆల్బెండజోల్ బిళ్ళ వెనక బుసియా పిల్లలున్నారు. ఆ బిళ్ళ మీద ఏ దాత పేరూ లేదు, నాలిక మీద కరిగేదాని మీద ఎక్కడ రాస్తారు?

‘ఊరికే ఇస్తే విలువుండదు, కనీసం పది రూపాయలైనా తీసుకోవాలి’ అనేది బావగారి ఇంకో సూత్రం. మనకో సామెత కూడా ఉంది, ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని. ఇదే అనుమానంతో పడమటి కెన్యాలో గర్భిణీలకి దోమతెరలు కొందరికి ఊరికే, కొందరికి కొద్దిపాటి ధరకి ఇచ్చి చూశారు. డాలరు కూడా లేని ధర పెట్టేసరికి తీసుకునేవాళ్ళు సగానికి పైగా తగ్గిపోయారు. ఊరికే తీసుకున్నవాళ్ళు తెరని కట్టుకోవడంలో డబ్బిచ్చినవాళ్ళకి ఏమీ తీసిపోలేదు. దోమకి రసీదు చూపించక్కర్లేదు.

టీచర్ల సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, అందులో ఓడిపోయిన కథ కూడా ఉంది కాబట్టి. మన దగ్గర విద్యా వాలంటీర్లని గుర్తున్నారు కదా, తక్కువ జీతానికి ఒప్పంద పద్ధతిలో చెప్పేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ళు వంద బళ్ళకి అలాంటి అదనపు టీచర్ని ఒకర్ని ఇచ్చి చూస్తే పిల్లల మార్కులు పెరిగాయి. పడమటి కెన్యాలో కూడా పెరిగాయి. సరే అని కెన్యా అంతటా ప్రయోగం పెట్టారు. కొన్ని బళ్ళలో స్వచ్ఛంద సంస్థ చేతుల మీదుగా, కొన్నింట్లో ప్రభుత్వం చేతుల మీదుగా. సంస్థ నడిపిన చోట పెరిగాయి, ప్రభుత్వం నడిపిన చోట సున్నా. దానికి చెప్పిన కారణాల్లో ఒకటి, ప్రభుత్వం వైపు టీచర్లకి జీతాలు ఆలస్యంగా రావడం. పథకం ఒకటే, అర్హతలు ఒకటే, తేడాల్లో ఒకటి మొదటి తారీకు అన్నమాట. ఇంకా కారణాలున్నాయి గానీ, జీతాల లెక్క రాసినవాణ్ణి, నాకు ఇదే కళ్ళబడింది.

ఇక్కడ బావగారు నా మీదే ఒక బాణం వేశారు, బలమైనది. “జీతాలు మేమిస్తాం, రేపు మేం ఆపేస్తే? గోడ అయితే ఉంటుందిగా.”

నిజమే. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో విదేశీ సాయం ఆగిపోయినప్పుడు ఆ దెబ్బ పడిన చోట్లలో ఇవీ ఉన్నాయి. కిసుము, సియాయా, హోమా బే కెన్యాలో హెచ్‌ఐవీ అన్నిటికన్నా ఎక్కువున్న జిల్లాలు. అక్కడి ఆరోగ్య సిబ్బందిలో అమెరికా డబ్బుతో జీతం తీసుకునేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ఆ వారం కిసుములో నా పాత సహోద్యోగి ఒకడు ఫోన్ చేశాడు. వాళ్ళ చెల్లెలు కౌన్సెలర్. శుక్రవారం ఉద్యోగం ఉంది, సోమవారం లేదు. నేను ఏమనాలో తెలియక ‘పోలే’ అన్నాను, స్వాహిలీలో అయ్యో పాపం అన్నట్టు. జీతం ఇచ్చేవాళ్ళు సముద్రాల అవతల ఉంటే జరిగేది ఇదే, దాన్ని నేను దాచను.

కానీ గోడ ఉంటుంది అన్నది మాత్రం సగం నిజం. మా ఊరి పంచాయతీ పక్కన ఎన్నారైలు పెట్టిన నీళ్ళ ప్లాంటు గోడ ఇప్పటికీ ఉంది. లోపల ఫిల్టరు మార్చడానికి డబ్బుల్లేక మూడేళ్ళకే తాళం పడింది. ఇప్పుడు దాని అరుగు మీద పేకాట. గోడ మిగలడం, పని మిగలడం వేరువేరు సంగతులు. జీతం ఆగిపోతే కనీసం ఆ రోజే తెలుస్తుంది, గొడవవుతుంది. గోడ అయితే చచ్చిపోయినా నిలబడే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

జీతం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాలన్నది మొదటిరోజే రాసుకోవాలి. కెన్యాలో ఊరి ఆరోగ్య కార్యకర్తలు మన ఆశా అక్కల్లాంటివాళ్ళు. ఏళ్ళ తరబడి చాలామంది జీతం లేకుండా చేశారు. ఎక్కడైనా సంస్థ ఉంటే అది కొంత ఇచ్చేది. అలా చేస్తూ చేస్తూ, లెక్కలు చూపిస్తూ చూపిస్తూ, 2023లో ప్రభుత్వం సుమారు లక్షమందికి కిట్లిచ్చి భృతి మొదలుపెట్టింది, సగం దేశ ప్రభుత్వం, సగం జిల్లా. చాలదు. అయినా వాళ్ళ పేర్లు ప్రభుత్వ పద్దులోకెక్కాయి. దాత ఆశించాల్సిన బోర్డు అదే అనుకుంటాను, తన పేరు లేనిది.

ఇవన్నీ పెట్టుకుని బావగారికి ఒక లెక్క పంపాను. కెన్యాలో ప్రభుత్వం టీచర్ని వెయ్యని బళ్ళలో బడి కమిటీయే తల్లిదండ్రుల దగ్గర చందాలెత్తి టీచర్లని పెట్టుకుంటుంది. అలాంటి టీచరుకి నెలకి పన్నెండు వేల షిల్లింగులు అనుకుందాం. ముగ్గురు టీచర్లు. డాలరుకి 130 షిల్లింగుల చొప్పున మీ ఇరవై అయిదు వేల డాలర్లు వాళ్ళకి ఏడేళ్ళు వస్తాయి. ఒకటో క్లాసులో చేరిన పిల్లాడు ఎనిమిదో క్లాసు గడప తొక్కేదాకా. బ్యాంకులో వేసి, కమిటీ సంతకం, మీ సంతకం రెండూ ఉంటేగానీ తియ్యడానికి లేకుండా చెయ్యండి. మొదటి తారీకు తప్పకూడదు. కుట్టు మిషన్లు వద్దు. ఎవరికైనా మిషను కావాలంటే వాళ్ళకి డబ్బివ్వండి, వాళ్ళు మేకలు కొనుక్కుంటారు, మీరు ఆశ్చర్యపోకండి.

బావగారు చదివి, “బానే ఉంది గానీ ఫొటో ఏం పెడతాం?” అన్నారు. వెక్కిరింపుగా అనలేదు. పాపం నిజంగానే అడిగారు. వచ్చే ఏడాది మళ్ళీ పదిహేను మంది జేబులో చెయ్యి పెట్టాలంటే వాళ్ళకి ఏదో ఒకటి కనపడాలి, ఆయన బాధ అది. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. జీతాల రిజిస్టరులో సంతకాల పేజీ ఫొటో తీసి పెట్టండి అన్నాను. “ఎవరు లైక్ కొడతారయ్యా దానికి” అన్నారు.

మొన్న ఆదివారం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారట. గదులకి ఎనిమిది ఓట్లు, టీచర్లకి మూడు, నలుగురు ఇంకా మెసేజే చూడలేదు. బావగారు దేనికి వేశారో చెప్పలేదు. నేనూ అడగలేదు.